అరవై వేలతో బడికి ఏం కొనాలి? ట్యాబా, ఫోనా, స్పీకరా

మా బడిలో ఐదు దాకా చదివి, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అబ్బాయి పోయినేడు ఫోన్ చేశాడు. "సార్, అరవై వేలు పక్కన పెట్టినా. మన పిల్లోళ్లకు ట్యాబ్‌లు కొనిద్దామని. ఏ కంపెనీవి కొనాలో చెప్పండి" అన్నాడు. నేను వెంటనే పేరు చెప్పలేదు, వారం గడువు అడిగాను. అంతకుముందు నేను పనిచేసిన ఒక బడిలో ఇలాగే దాత ఇచ్చిన ట్యాబ్‌లు రెండేళ్లకే పనికిరాకుండా పోవడం కళ్లారా చూశాను. డబ్బు ఇచ్చినవాళ్ల మనసు మంచిదే. ఏం కొనాలో తేల్చుకోవడంలోనే మేం తప్పటడుగు వేశాం.

మాది ఆదోని వైపు పల్లె. ఒకటి నుంచి ఐదు దాకా 48 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఇలాంటి బళ్లు ఎన్నో ఉన్నాయి. దాతో, పూర్వ విద్యార్థో, తల్లిదండ్రుల కమిటీయో ముందుకొచ్చి "చిన్నపిల్లల చేతికి ఏదైనా డిజిటల్ వస్తువు ఇద్దాం" అన్నప్పుడు తికమకపడే టీచర్లకూ, కమిటీ సభ్యులకూ ఉపయోగపడుతుందని ఆ వారంలో నేను తేల్చుకున్నవి, ఆ తర్వాత తరగతిలో చూసినవి రాస్తున్నాను.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదట తేల్చాల్సింది కంపెనీ కాదు, ర్యామ్ కాదు. ఏ తరగతిలో, ఏ పాఠంలో, ఏ పది నిమిషాలు ఆ వస్తువు పిల్లల చేతిలో ఉంటుంది అన్నది. ఇద్దరు టీచర్ల బడిలో నేను మూడో తరగతికి లెక్కలు చెప్తుంటే నాలుగు, ఐదు తరగతుల పిల్లలు అదే గదిలో ఉంటారు. ఎక్కాలు రాయమంటే ఐదు నిమిషాల్లో రాసేసి గోల మొదలుపెడతారు. ట్యాబ్ నిజంగా అక్కరకొచ్చేది అక్కడే. నేను వేరే తరగతితో ఉన్నప్పుడు, ఈ పిల్లలు తమంతట తాము చేసుకోగలిగిన పని ఏదో అందులో ఉండాలి. అదే ప్రతి తరగతికీ ఒక టీచర్ ఉన్న బడైతే అవసరం వేరు, కొనాల్సిన వస్తువూ వేరు.

రెండోది చార్జింగ్. చాలామంది కరెంటు బిల్లు గురించి అడుగుతారు. అది పెద్ద లెక్క కాదు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ట్యాబ్ సున్నా నుంచి నిండటానికి, చార్జర్‌లో పోయేది కలుపుకున్నా, దాదాపు 25 వాట్ అవర్లు పడుతుంది. అంటే ఒక్క యూనిట్ (1,000 వాట్ అవర్లు) కరెంటుతో 40 ట్యాబ్‌లు ఒకసారి నిండుతాయి. చిక్కు ప్లగ్గులతో. మా బడిలో సరిగ్గా పనిచేసే ప్లగ్ పాయింట్ ఆఫీసు గదిలో ఒకటే ఉండేది. ఆరు చార్జర్లు ఆ ఒక్కదానికి వేలాడదీస్తే ఎవరో ఒకరు రోజూ కాపలా కాయాలి. సాయంత్రం బడికి తాళం వేశాక చార్జింగ్‌లో వదిలి వెళ్లకూడదు, అది ప్రమాదం.

మూడోది ఎండ. ఫోన్లు, ట్యాబ్‌లు చుట్టూ వేడి 35 డిగ్రీలు దాటని చోట వాడమని చాలా కంపెనీలు తమ పుస్తకాల్లోనే రాస్తాయి. మన దగ్గర మార్చిలోనే ఆ గీత దాటుతుంది, ఏప్రిల్‌లో 40 పైన మామూలే. నేను ముందు చెప్పిన బడిలో జరిగింది ఇదే. వేసవి సెలవులకు ముందు ట్యాబ్‌లన్నీ నిండా చార్జ్ చేసి, రేకుల గదిలోని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. జూన్‌లో తీస్తే నాలుగింటి వెనక భాగం పూరీలా ఉబ్బింది, ఒకదాని తెర ఫ్రేమ్ నుంచి లేచిపోయింది. లిథియం బ్యాటరీ నిండా చార్జ్‌తో, వేడిలో, వారాల తరబడి ఉంటే పాడవుతుంది. సగం చార్జ్‌తో ఆపి, పై కప్పు స్లాబ్ ఉన్న చోట పెట్టాలి. బడిలో అలాంటి గది లేకపోతే సెలవుల్లో ఎవరి ఇంట్లో ఉంచాలో ముందే తీర్మానం రాసుకోవాలి. ఉబ్బిన దాన్ని మళ్లీ చార్జింగ్‌కు పెట్టనే కూడదు.

నాలుగోది భాష. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. కానీ ఆదోని, రాయదుర్గం వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలుంటారు. కడప, కర్నూలు పట్టణాల్లో ఉర్దూ పిల్లలు, తండాల నుంచి సుగాలి పిల్లలు వస్తారు. ట్యాబ్‌లో పాఠం ఇంగ్లీషులోనే మాట్లాడుతుంటే రెండో తరగతి పిల్ల బొమ్మలు చూస్తుంది, అంతే.

ఇక ఐదోది. దీని గురించి పైకి ఎవరూ మాట్లాడరు గానీ టీచర్లందరికీ తెలుసు. స్టాక్ రిజిస్టర్‌లో రాసిన వస్తువు పగిలితే ఎవరిది బాధ్యత? ఆ టెన్షన్ వల్లే చాలా బళ్లలో వస్తువులు బీరువాలో పడుంటాయి. "పిల్లల చేతిలో వాడుతుండగా పాడైతే టీచర్‌ను అడగం" అని కమిటీ మీటింగులో తీర్మానం రాయించుకున్నాకే పెట్టె తెరవండి. ఆ ఒక్క కాగితం ఉంటేనే టీచర్ ధైర్యంగా పిల్లల చేతికిస్తాడు.

ఒక చూపులో

| ఎంపిక | 48 మంది బడికి సుమారు ఖర్చు | చార్జింగ్ పని | టీచర్ వేరే తరగతితో ఉన్నప్పుడు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఒక్కొక్కరికి ఒక ట్యాబ్ | 4 లక్షల పైన | చాలా ఎక్కువ | పనికొస్తుంది, కానీ అదుపు కష్టం | పై తరగతులు |
| ముగ్గురికి ఒక ట్యాబ్, తరగతుల వంతున | 40–45 వేలు | రోజుకు 4 | బాగా పనికొస్తుంది | 3, 4, 5 తరగతులు |
| టీచర్ ఫోన్, పిల్లలకు కాగితం కార్డులు | ప్రింటింగ్ ఖర్చే | లేనట్టే | పనికిరాదు | తరగతికో టీచర్ ఉన్న బడి |
| మెమరీ కార్డు స్పీకర్ | 1,000–1,500 | వారానికి ఒకట్రెండు సార్లు | పనికొస్తుంది | 1, 2 తరగతులు |
| పాత ఫోన్లు సేకరించడం | చాలా తక్కువ | ఎక్కువ, ఒక్కోటి ఒక్కో రకం | అంతంతమాత్రం | ఓపిక, తీరిక ఉన్న టీచర్ |

ఒక్కొక్కరికి ఒక ట్యాబ్

అందరికీ మొదట తోచేది ఇదే. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబ్‌లు ఇచ్చినప్పటి నుంచి "పెద్దోళ్లకు ఇచ్చినారు, మా పిల్లోళ్లకెందుకు లేదు సార్" అని అడిగే తల్లులు మా ఊళ్లోనూ ఉన్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చదవగలడు, వెతకగలడు, వీడియో ఆపి మళ్లీ చూడగలడు. రెండో తరగతి పిల్లవాడికి ఇంకా అక్షరమే కూడలేదు. వాడికి ముందు మనిషి గొంతు కావాలి, పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించేవాళ్లు కావాలి.

పెరూ దేశంలో ప్రాథమిక బడి పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక చిన్న ల్యాప్‌టాప్ చొప్పున లక్షల్లో పంచారు. 319 బళ్లలో చేసిన పరిశీలన 2012లో వెలువడింది. లెక్కల్లోగానీ, భాషలోగానీ మార్కులు పెరిగినట్టు కనబడలేదు. యంత్రం వచ్చింది, తరగతిలో బోధన మాత్రం ఎప్పటిలాగే సాగింది. మనం చిన్న బడికి కొనేటప్పుడూ ఇది గుర్తుంచుకోవాలి.

ఇక లెక్క చూస్తే, బడికి సరిపడే 8 అంగుళాల ట్యాబ్ ఒకటి 9 వేలనుకున్నా 48 మందికి 4 లక్షల 32 వేలు. దాత దగ్గర అంత డబ్బు ఉన్నా చిన్న తరగతులకు నేనైతే వద్దనే చెప్తాను.

ముగ్గురికి ఒక ట్యాబ్

నేను ఎంచుకున్నది ఇది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, బడి మొత్తం పిల్లల సంఖ్యను చూసి కొనడం. ఒక సమయంలో వాడేది ఒక తరగతే. మాకు ఏ తరగతిలోనూ పన్నెండు మందికి మించి లేరు. కాబట్టి నాలుగు ట్యాబ్‌లు చాలు. మూడో తరగతి వాడుకున్నాక అవే నాలుగో తరగతికి వెళ్తాయి.

ముగ్గురు ఒక తెర ముందు కూర్చుంటే మొదటి వారం జరిగేది గొడవే. "వాడే ఒత్తుతాండాడు సార్, నాకియ్యలేదు" అని మూల నుంచి కేకలు. గట్టిగా ఉన్న పిల్లవాడు ట్యాబ్‌ను ఒళ్లోకి లాక్కుంటాడు, మెతక పిల్ల పక్కకు జరిగి గోడకు చేరుతుంది. నేను పెట్టిన నియమం ఒకటే: జవాబు చెప్పినవాళ్లు ఒత్తకూడదు. ఒకరు ప్రశ్న చదవాలి, ఒకరు జవాబు చెప్పాలి, మూడోవారు ఒత్తాలి. ప్రశ్న మారగానే వంతు మారాలి. రెండో వారానికి మెతక పిల్ల కూడా "ఇప్పుడు నా వంతు" అని చెయ్యి చాచింది. చెప్పినవారికీ ఒత్తేవారికీ మధ్య "కాదురా, అది ఏడు" అనే మాట పుడుతుంది చూడండి, ఒక్కొక్కరికి ఒక ట్యాబ్ ఇస్తే ఆ మాట పుట్టదు. లెక్క వచ్చేది ఆ వాదులాటలోనే.

అందులో ఏం వేసుకోవాలి? 2017లో వచ్చిన ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి వస్తాయి. ఇంటి దగ్గర నెట్‌లో దించుకుని వస్తే బడిలో సిగ్నల్ లేకపోయినా ఆడతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు, కన్నడ, ఉర్దూ కథలు బొమ్మలతో ఉచితంగా దొరుకుతాయి. మా లాంటి బడికి ఇది పెద్ద వరం. ఒకే కథను కన్నడం పిల్ల కన్నడంలో విని, తర్వాత తెలుగులో చదువుతుంది. పిల్లవాడు పైకి చదువుతుంటే విని తప్పు దిద్దే గూగుల్ యాప్ 2019లో బోలో పేరుతో మొదలైంది, తర్వాత రీడ్ అలాంగ్‌గా తెలుగులోనూ వచ్చింది. దాన్ని గది లోపల వాడితే పక్క గుంపు మాటలు కూడా వినేసి తికమకపడుతుంది. అందుకే ఆ గుంపును వరండా చివరికి, వేపచెట్టు నీడకు పంపేవాణ్ణి.

సిమ్ వేయకండి. నెట్ ఆపి ఇవ్వండి. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ఒక యాప్‌ను తెర మీద కదలకుండా ఉంచే (పిన్ చేసే) సౌకర్యం ఉంది. అది పెడితే రహస్య నంబరు కొట్టకుండా పిల్లలు వేరే దాంట్లోకి పోలేరు. మధ్యాహ్నం భోజనం తర్వాత ట్యాబ్ పీరియడ్ పెట్టకండి. చిక్కీ ఇచ్చిన రోజు బెల్లం వేళ్లతో తెర ఎలా అవుతుందో నేను తుడిచి తుడిచి నేర్చుకున్నాను. చేతులు కడిగినా తడి వేళ్లకు తెర సరిగ్గా పలకదు. పొద్దున రెండో పీరియడే మంచిది, అప్పుడు గది కూడా చల్లగా ఉంటుంది.

ఎంతసేపు? 2020 జూలైలో కేంద్ర విద్యాశాఖ ప్రజ్ఞాత పేరుతో ఇచ్చిన మార్గదర్శకాల్లో 1 నుంచి 8 తరగతులకు ఆన్‌లైన్ క్లాసులు రోజుకు 30–45 నిమిషాలవి రెండుకు మించొద్దని ఉంది. అది ఇంటి నుంచి చదివే రోజుల మాట. టీచర్ ఎదురుగా ఉన్న తరగతిలో 20 నిమిషాలు చాలు. దాటితే ముగ్గురిలో ఒకరి చూపు కిటికీ వైపు పోతుంది.

టీచర్ ఫోన్ ఒక్కటి, పిల్లల చేతిలో కార్డులు

తరగతికో టీచర్ ఉండి, పిల్లలు ముప్పై నలభై మంది ఉన్న చోట ట్యాబ్‌ల కన్నా ఇదే మేలంటాను. కర్నూలు, ప్రొద్దుటూరు, అనంతపురం టౌన్ బళ్లకు ముఖ్యంగా. ప్లిక్కర్స్ అనే యాప్ ఇలా పనిచేస్తుంది. నలుపు తెలుపు గళ్లు ఉన్న కార్డులు ప్రింట్ తీసుకుంటాం. ప్రతి కార్డుకూ ఒక నంబరు, ప్రతి పిల్లవాడికీ ఒక కార్డు. కార్డు నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ అని చిన్న అక్షరాలుంటాయి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి ఎత్తి పట్టుకోవాలి. టీచర్ ఫోన్ కెమెరాను గది అంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో తెర మీద వచ్చేస్తుంది. మామూలు సెట్‌లో 40 కార్డులుంటాయి.

దీని గొప్పతనం ఒకటుంది. ఎప్పుడూ చెయ్యెత్తని పిల్ల కూడా కార్డు ఎత్తుతుంది. ఒక్కో కార్డు గళ్లు ఒక్కో రకం, అక్షరాలు సన్నవి. అందుకే పక్కవాళ్లది చూసి తిప్పడం కష్టం. భిన్నాలు చెప్పాక ఒకే ప్రశ్న వేస్తే తరగతిలో సగం మంది అరకన్నా పావు పెద్దదని అనుకుంటున్నట్టు నాకు ఒక్క నిమిషంలో తెలిసింది. భిన్నంలో కింద ఉన్న అంకెల్లో నాలుగు కన్నా రెండు చిన్నది కదా, అందుకని. ఆ రోజు ముందుకు పోకుండా రొట్టె తుంచి మళ్లీ చెప్పాను.

కార్డులను మెరిసే లామినేషన్ చేయించకండి. కిటికీ వెలుతురు పడి కెమెరాకు అందవు. మందమైన కాగితం మీద ప్రింట్ తీసి అట్టకు అంటిస్తే చాలు. ప్రశ్నలు ముందు రోజు ఇంట్లో వేసుకుని రావాలి, ఫోన్‌కు సిగ్నల్ ఉండే బడికే ఇది.

అడ్డంకి ఒకటే, అది టీచర్ సొంత ఫోన్. ముఖం చూపి వేసే మా హాజరు దానిలోనే, భోజనం ఫొటోలు దానిలోనే. పాఠం మధ్యలో ఫోన్ మోగితే పిల్లల ధ్యాస పోతుంది. దాత డబ్బుంటే బడి పేరున ఒక ఫోన్ విడిగా తీసుకోవడం మంచిది.

మెమరీ కార్డు స్పీకర్

ఒకటి, రెండు తరగతులకు నా ఓటు దీనికే. తెర లేదు కాబట్టి దీన్ని డిజిటల్ వస్తువుగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు, దాతలకు ఫొటోలో గొప్పగా కనబడదు. కానీ ఆరేళ్ల పిల్లలకు భాష చెవి నుంచే వస్తుంది. మేం ఊళ్లోని అవ్వల చేత పొడుపు కథలు, పాటలు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసి కార్డులోకి ఎక్కించాం. స్పీకర్‌ను మధ్యలో పెట్టి చుట్టూ కూర్చోబెడితే, "ఇది మా అవ్వ గొంతు" అని ఒకడు లేచి నిలబడ్డాడు. ఆ పాట ఆ వారమంతా బడిలో వినబడింది. పడినా పగలదు, ఎండకు ట్యాబ్ కన్నా బాగా ఆగుతుంది.

పాత ఫోన్లు, ఎల్‌సీడీ పలకలు

ఊరివాళ్ల దగ్గర పాత ఫోన్లు సేకరిద్దామని చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో తరచూ అంటుంటారు. ఒక్కో ఫోన్‌కు ఒక్కో చార్జర్, కొన్నింట్లో కొత్త యాప్‌లు ఎక్కవు, ఇచ్చినవాళ్ల సొంత ఫొటోలు, మెసేజీలు లోపల ఉండిపోతాయి. బ్యాటరీ ఎన్నేళ్లదో తెలియదు. తీసుకుంటే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఉబ్బినవి వేరు చేసి, మంచివి రెండో మూడో మాత్రం ఉంచుకోండి.

మీట నొక్కితే చెరిగిపోయే ఎల్‌సీడీ పలకలు చౌక. సుద్దముక్క దుమ్ము ఉండదు. అంతకు మించి నేర్పేదేమీ లేదు. అక్షరంలో ఒక్క తప్పు దిద్దాలన్నా మొత్తం చెరిపేయాలి. పాత నల్ల పలక మీద వేలితో ఒక్క గుడి చెరిపి మళ్లీ రాయొచ్చు. ఒకటో తరగతికి నేను పలకే ఇస్తాను.

మీ బడి ఎలాంటిది?

మీరు ఒక్కరే అన్ని తరగతులకూ టీచరైతే ముందు స్పీకర్ కొనండి. చిన్నవాళ్లు వింటుంటే పెద్దవాళ్లకు పాఠం చెప్పొచ్చు. మూడు నెలలు అది అలవాటయ్యాక రెండు ట్యాబ్‌లు చాలు.

ఇద్దరుంటే మాలాగ ముగ్గురికి ఒక ట్యాబ్ పద్ధతి. తరగతికో టీచర్, గోడకు స్మార్ట్ టీవీ ఉన్న బడైతే ట్యాబ్‌లు వదిలేయండి. ప్రశ్న టీవీ మీద, జవాబు కార్డులతో. ప్రైవేటు బళ్ల యాజమాన్యాలు ఒక్కొక్కరికి ఒక ట్యాబ్ అని చెప్పి ఫీజులో కలుపుతుంటే తల్లిదండ్రులు అడగాల్సింది ఇది: ఏ పీరియడ్‌లో, ఎన్ని నిమిషాలు, టీచర్ అప్పుడు ఏం చేస్తుంటారు? దీనికి సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు కట్టడానికి తొందరపడొద్దు.

బెంగళూరు అబ్బాయికి నేను పంపిన లెక్క ఇలా ఉంది: నాలుగు ట్యాబ్‌లు 36,000. రబ్బరు కవర్లు, తెర మీద గ్లాసులు 3,200. ఒకే ప్లగ్గుకు ఆరు వైర్లు తగిలించే చార్జర్ 1,500. రెండు స్పీకర్లు 2,400. మెమరీ కార్డులు పదిహేను, 3,750. మొత్తం 46,850. మిగిలిన 13,150 రూపాయలు కమిటీ ఖాతాలోనే రిపేర్లకు. "సార్, అంతా ఖర్చు పెట్టేయండి, పర్లేదు" అన్నాడు. వద్దన్నాను. రెండో ఏడాది ఒక చార్జింగ్ పిన్ను విరిగినా, ఒక బ్యాటరీ మార్చాల్సి వచ్చినా ఆ డబ్బే దిక్కు.

పదిహేను మెమరీ కార్డులు ఎందుకని అతనూ అడిగాడు. మా వైపు పంట లేని ఏడాది కుటుంబాలు సుగ్గికి, అంటే కూలికి వలస, పోతాయి. గుంటూరు వైపు పత్తి, మిరపకాయ కోతలకు నెలల తరబడి వెళ్తారు. హాస్టల్లో వదలలేని చిన్న పిల్లల్ని వెంట తీసుకుపోతారు. బడిలో ఎన్ని ట్యాబ్‌లున్నా ఆ పిల్లలకు అందేది సున్నా. కానీ వాళ్ల నాయన జేబులో ఏదో ఒక ఫోన్ ఉంటుంది, బటన్ల ఫోన్‌లోనూ చాలావాటికి కార్డు పెట్టే చోటు ఉంటుంది. వాళ్లు పోయే ముందు ఆ నెలల తెలుగు పాఠాలు, ఎక్కాలు, పది కథలు నా గొంతుతో చదివి కార్డులో ఎక్కించి ఇస్తున్నాను. ఒక్కో పాఠం ఐదు నిమిషాలు దాటకుండా, ఫైలు పేరు బదులు వరుస నంబరు పెట్టి. పుస్తకంలో అదే నంబరు ఆ పాఠం మీద పెన్నుతో రాసిస్తే పిల్ల తనంతట తానే వెతుక్కుంటుంది. కార్డు వాళ్ల ఫోన్‌లో పెట్టి, ఒక పాఠం మోగించి చూశాకే పంపాలి. బయల్దేరే రోజు తెల్లవారుజామునే బండెక్కుతారు, ఆ పొద్దున బడికి ఎవరూ రారు. అందుకే ఊళ్లో కూలీలను తీసుకుపోయే మేస్త్రీ అడ్వాన్సులు పంచుతున్నాడని తెలిసిన రోజే కార్డులు సిద్ధం చేసుకోండి.